ఎడమ నుంచి కుడికి

జింకల వేట సీజను ఇంకో నాలుగు రోజుల్లో మొదలవుతుందనగా మా జిల్లా మగవాళ్ళందరికీ ఒక్కసారిగా తమ తుపాకులు గుర్తొస్తాయి. ఏడాది పొడుగునా అవి అలమరలో మూల నిలబడి ఉంటాయి, నూనెగుడ్డ తాకించినవాడు ఒక్కడుండడు. నవంబరు ఆఖరి వారం వచ్చేసరికి ఒకడికి ట్రిగ్గర్ బిగుసుకుంటుంది, ఒకడికి సేఫ్టీ మీట కదలదు, ఇంకొకడికి పిన్ను సగం బయటికి జారి వేలాడుతుంటుంది. అందరూ మా ఇంటికే వస్తారు. మా ఆయన వెండెల్ హెట్రిక్ ముప్ఫయ్యేళ్ళకి పైగా ఇంటి వెనక గదిలో బల్ల వేసుకుని తెలిసినవాళ్ళ తుపాకులకి చిన్నా చితకా రిపేర్లు చేసిపెడుతున్నాడు. దుకాణం కాదు, బోర్డు లేదు. రంపపు మిల్లులో పళ్ళకి పదును పెట్టే పనిలో ముసలివాడైనవాడు కాబట్టి అతని చెయ్యి గట్టిదని ఊరికి నమ్మకం.

ఆ చెయ్యి రెండేళ్ళుగా నాది.

వెండెల్ చేతులు వణకడం మొదలై నాలుగేళ్ళయింది. మొదట కాఫీ కప్పు దగ్గర, తర్వాత చొక్కా గుండీల దగ్గర. బల్ల దగ్గర మాత్రం ఏమీ కానట్టే ఉండేవాడు. ఒకరోజు ఎవరిదో షాట్‌గన్ పిన్ను కొడుతూంటే, పిన్నుని తోసే సన్నటి ఉలిలాంటి పంచ్ పక్కకి జారి, నల్లటి ఇనుము మీద గోరంత తెల్ల గీత పడింది. వెండెల్ సుత్తిని గోడకేసి కొట్టి బయటికెళ్ళి కట్టెల షెడ్డులో కూర్చున్నాడు. నేను సుత్తి తీసి, గోడకి పడ్డ సొట్టని చూసి, అతని వెనకే వెళ్ళాను. ఎలా కొట్టాలో చెప్పమని అడిగితే తిరిగొచ్చి నా వెనక నిలబడి చెప్పాడు, మిగతా పిన్ను నేను కొట్టేశాను. అప్పట్నుంచీ అదే ఏర్పాటు. గుమ్మం దగ్గర తుపాకీ అందుకునేది అతను, ఇచ్చేది అతను, మధ్యలో కొట్టేది నేను. బయట ఎవరికీ చెప్పకూడదని మేమిద్దరం అనుకోలేదు కూడా, అలా జరిగిపోయిందంతే.

నాకు ఇదేం సరదా కాదు. పొద్దున్న ఆరింటి నుంచి రెండున్నర దాకా ముసలివాళ్ళ ఆశ్రమంలో దుప్పట్లు ఉతుకుతాను. తడిసిన దుప్పటి బరువెంతుంటుందో మోసినవాళ్ళకే తెలుస్తుంది. ఇంటికొచ్చేసరికి భుజాలు నావి కానట్టుంటాయి. బూట్లు విప్పుకుని కాళ్ళు చాపుకుందామంటే వెనక గదిలోంచి పిలుపు: "వెర్నా, వచ్చావా? ఒక చిన్న పనుంది." అతనికి అన్నీ చిన్న పనులే.

పైగా ఆ నోరు! పిన్ను కంటే వెంట్రుక వాసి సన్నంగా ఉన్న పంచ్ తియ్యి, మరీ సన్నమైతే వంకరపోతుంది, లావైతే రంధ్రం చెడుతుంది. మొదట పొట్టి పంచ్‌తో కదిలించు, కదిలాకే పొడుగుది. బోలు పిన్నుకి మొనలో బుడిపె ఉన్న పంచే, చదునుది పెట్టావా దాని నోరు మూసుకుపోతుంది. ఇత్తడి సుత్తి పట్టుకో, ఇనపది కాదు, అదేమైనా రైలు పట్టాలనుకున్నావా? మణికట్టుతో కొట్టు, మోచేత్తో కాదు. కింద ఆనిక సరిగ్గా ఉందా? ఆనిక అంటే అతను హాకీ ఆడే రబ్బరు బిళ్ళకి రంధ్రాలు పొడిచి చేసుకున్న దిమ్మె. పిన్ను దాని రంధ్రంలోకి దిగాలి. అన్నిటికంటే పైన ఒక మాట, అది చెప్పకుండా ఏ పనీ మొదలవదు: "తీసేది ఎడమ నుంచి కుడికి, పెట్టేది కుడి నుంచి ఎడమకి." రెండేళ్ళలో ఇది వెయ్యిసార్లు విన్నాను. ఆశ్రమంలో దుప్పట్లు మడతపెడుతూ కూడా చెవిలో మోగుతుంది. ఒక్కరోజైనా ఆ నోరు మూతపడితే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను, అబద్ధం ఎందుకు.

ఆ మంగళవారం మూడు గంటలకి నేను కారు దిగుతూంటే హార్లన్ కెఫార్ట్ పికప్ బండి మా వాకిట్లో ఉంది. హార్లన్, వెండెల్ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని నేను కాల్చిన గుమ్మడికాయ 'పై', ఆ తీపి రొట్టె, తింటున్నాడు. పక్క కుర్చీకి ఆనించి లీవర్ ఆడించి తూటా ఎక్కించే పాత రైఫిల్, హార్లన్ వాళ్ళ నాన్నది. వెండెల్ ముఖం చూస్తే ఏదో చిక్కొచ్చిందని తెలిసిపోయింది.

"చూడు వెర్నా, వీడు వెళ్ళనంటున్నాడు," అన్నాడు.

"ఎందుకెళ్తాను?" అన్నాడు హార్లన్ నోట్లో ముక్క పెట్టుకునే. "ట్రిగ్గర్ స్ప్రింగు విరిగింది. కొత్త స్ప్రింగు తెచ్చాను. అరగంట పని. కూర్చుంటాను, చూస్తాను, పట్టుకుపోతాను. మా నాన్న తుపాకీ ఒక్క రాత్రి కూడా నా ఇల్లు దాటి ఉండలేదు."

"నువ్వు వెనక నిలబడి ఊపిరి పీలుస్తుంటే నేను పని చెయ్యలేనురా."

"నేను ఊపిరి పీల్చను."

"రేపు పొద్దున్నే రా. తయారుగా ఉంటుంది."

హార్లన్ ఫోర్కు కింద పెట్టాడు. "ఒరేయ్ వెండెల్," అన్నాడు, "నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా పిన్ను చుట్టూ కాగితం టేపు అంటించావా?"

వెండెల్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"గీత పడకుండా టేపు అంటించేవాళ్ళని ఆడంగులనేవాడివి. మరి రెండేళ్ళుగా మీ ఇంటి నుంచి వచ్చే ప్రతి తుపాకీకీ పిన్ను చుట్టూ టేపు జిగురు ఉంటోంది. నా రెండో తుపాకీ, మా తమ్ముడిది, వేట క్లబ్బులో అందరివీ. మేం గోళ్ళతో గీక్కుని తీసేసుకుంటున్నాం." నా వైపు తిరిగాడు. "పని బాగుంటోంది, వెర్నా. జిగురొక్కటే బాధ."

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రెండేళ్ళు దాచామనుకున్నది క్లబ్బంతా గోళ్ళతో గీక్కుంటోందట. పెద్ద బరువు దిగినట్టయింది, నిజం. కానీ వెండెల్ చెవులు ఎర్రబడ్డాయి. వణుకుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని బల్ల కింద పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి అంత చిన్నగా నాకెప్పుడూ కనబడలేదు.

అయినా తేరుకున్నాడు. లేచి నిలబడి, "సరే," అన్నాడు. "చేతులు ఆవిడవి. బుర్ర మాత్రం నాదే. ఆవిడకి ఏ పంచో, ఏ పక్కో నేను చెప్తేనే తెలుస్తుంది. కావాలంటే వచ్చి చూడు."

"చూడ్డానికేగా వచ్చింది," అన్నాడు హార్లన్.

నాకది తప్పుగా అనిపించలేదు. నిజమే, బుర్ర అతనిదే. చేతులు పోయాక అతనికి మిగిలింది అదొక్కటే, దాన్నయినా హార్లన్ ముందు నిలబెట్టుకోనివ్వాలనుకున్నాను. బూట్లు కూడా విప్పకుండా వెనక గదిలోకి నడిచాను.

ముందు తుపాకీ ఖాళీయేనా అని ముగ్గురం వరసగా చూశాం. ఆ ఒక్క విషయంలో వెండెల్ ఎవరి మాటా నమ్మడు, తన మాట కూడా. తర్వాత మడమ, అంటే భుజానికి ఆనే కర్ర, విప్పి, ట్రిగ్గరున్న ఇనప నడుమునొక్కదాన్నీ గుడ్డ మీద పెట్టాను. వెండెల్ స్టూలు లాక్కుని నా ఎడమ పక్కన కూర్చున్నాడు. హార్లన్ గుమ్మానికి ఆనుకుని కాఫీ కప్పుతో నిలబడ్డాడు.

"దీన్ని ఇంతకు ముందు ఎవరైనా విప్పారా?" అన్నాను.

"నీ మొగుడే," అన్నాడు హార్లన్. "మా నాన్న చనిపోయిన ఏడాది, అంటే తొంభై ఆరు. అప్పుడూ ఈ స్ప్రింగే. ఆ తర్వాత మనిషి చెయ్యి పడలేదు."

"పిన్ను నేనే పెట్టాను," అన్నాడు వెండెల్. గొంతులో పాత దర్జా తిరిగొచ్చింది. "ఒక చివర గీతలున్న పిన్ను అది. ఆ గీతలే రంధ్రం గోడని పట్టుకుని ఊడకుండా ఆపుతాయి. కుడి నుంచి పెట్టాను, గీతల చివర కుడి పక్కన ఉంటుంది. ఎడమ నుంచి కొడితే వచ్చిన దారినే పోతుంది. అదే తిరగేసి కొట్టే వెధవలున్నారు చూడు, గీతలు రంధ్రం పొడుగునా గీరుకుంటూ పోతాయి. ఇక ఆ రంధ్రంలో ఏ పిన్నూ నిలవదు. తుపాకీ పోయినట్టే."

"విన్నావా వెర్నా? వెధవలట," అన్నాడు హార్లన్.

"విన్నాను. రోజూ వింటాను."

నడుముని ఎడమ పక్క పైకి వచ్చేలా దిమ్మె మీద పెట్టి, పిన్ను తల మీద పేరుకున్న పాత నూనె మడ్డిని పుల్లతో తీశాను. దీపం దగ్గరికి లాక్కున్నాను. అప్పుడు కనబడ్డాయి. పిన్ను తల అంచు చుట్టూ సన్నటి పళ్ళు, గడియారం చక్రానికి ఉన్నట్టు. గీతల చివర ఎడమ పక్కనే ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళ కింద, చేతులు రాయిలా నిలిచిన రోజుల్లో, వెండెల్ ఆ పిన్నుని తిరగేసి పెట్టాడు.

నా వేలితో తడిమి మళ్ళీ చూశాను. అనుమానమే లేదు. తలెత్తి వెండెల్ వంక చూశాను. అతనికి ఆ కళ్ళద్దాలతో అంత సన్నటివి కనబడవు. మోకాళ్ళ మధ్య చేతులు ఇరికించుకుని, ముందుకి వంగి, బడిలో జవాబు తెలిసిన పిల్లాడిలా కూర్చున్నాడు.

"టేపు అంటించుకో," అన్నాడు, హార్లన్‌కి వినబడేలా. "అంటించుకో, ఫరవాలేదు. పొట్టి పంచ్. అదిగో, మూడోది. ఇత్తడి సుత్తి."

టేపు అంటించాను. పంచ్ పెట్టాను. ఇక్కడ నేను చేసింది చెప్పాలంటే సిగ్గుగా ఉంది. అది తప్పు పక్క అని తెలిసి కూడా కొట్టాను. చాలా మెల్లగా, ఒకటి, రెండు. ఏమనుకున్నానో నాకే తెలీదు. కదలకపోతే తుప్పు పట్టిందని చెప్పొచ్చు, నూనె పోసి రేపటిదాకా నానబెడదామనొచ్చు, హార్లన్ వెళ్ళిపోయాక తిరగేసి కొట్టొచ్చు, వెండెల్‌కి తెలియకుండా దాటించెయ్యొచ్చు అనుకున్నానేమో. అంత అలసటలో మనిషికి అలాంటి ఆలోచనలే వస్తాయి.

పిన్ను కదల్లేదు.

"కొంచెం గట్టిగా," అన్నాడు వెండెల్.

"తుప్పేమో. నూనె పోసి ఉంచుదామా?"

"తుప్పా? నేను పెట్టిన పిన్నుకి తుప్పా? నూనె రాసి పెట్టాను. గట్టిగా కొట్టు వెర్నా. ఎడమ నుంచి కుడికి. అది పోతుంది."

"నానబెడితే రేపు తేలిగ్గా వస్తుంది."

"రేపెందుకు? వీడు నుంచున్నాడుగా. కొట్టు!"

పంచ్ మళ్ళీ పెట్టాను. సుత్తి ఎత్తాను. గట్టిగా ఒక్కటి కొడితే చాలు, ఆ పళ్ళు రంధ్రంలోకి దిగి గోడని చీల్చుకుంటూ పోతాయి. గుమ్మంలో హార్లన్ కాఫీ తాగడం ఆపి చూస్తున్నాడు. వాళ్ళ నాన్న చేత్తో పట్టీ పట్టీ కర్ర నల్లబడ్డ తుపాకీ అది. వెండెల్ మాట నిలబెట్టాలంటే దాన్ని చంపాలి. దాన్ని బతికించాలంటే, అతనికి మిగిలిన ఒక్కటీ అతని స్నేహితుడి కళ్ళ ముందే తీసెయ్యాలి. నాకు ఎవరిమీద కోపమో తెలీలేదు, అందరిమీదా వచ్చింది. ఇంత చిన్న ఇనప ముక్క నన్నెందుకు అడగాలి ఈ మాట?

సుత్తి దించాను. ఏమీ అనకుండా నడుముని అటు తిప్పి, కుడి పక్క పైకి వచ్చేలా పెట్టి, పిన్నుని దిమ్మె రంధ్రం మీదికి చేర్చాను.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు వెండెల్.

కొట్టాను. మెల్లగానే. రెండో దెబ్బకి కదిలింది, మూడో దెబ్బకి పొడుగు పంచ్ తీసుకున్నాను, నాలుగో దెబ్బకి పిన్ను దిమ్మె కిందున్న గుడ్డ మీద పడింది. తీసి అరచేతిలో పెట్టి వెండెల్ ముందు చాపాను. గీతలున్న చివర తళతళలాడుతోంది, ఒక్క పన్ను కూడా అరగలేదు.

హార్లన్ గొంతు సవరించుకున్నాడు.

"ఆఁ, ఇప్పుడు గుర్తొచ్చింది," అన్నాడు. "మధ్యలో మా బావమరిది ఒకసారి విప్పాడు. వాడే తిరగేసి పెట్టుంటాడు. వాడో పెద్ద వెధవ."

"ఇందాకే అన్నావుగా, మనిషి చెయ్యి పడలేదని," అన్నాడు వెండెల్.

"అన్నానా?"

"అన్నావు."

హార్లన్ కప్పులోకి చూసుకున్నాడు. అందులో ఏమీ లేదని నాకు తెలుసు. "కాఫీ పోసుకొస్తా," అని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

విరిగిన స్ప్రింగు తీసి కొత్తది పెట్టాను. అంతసేపూ వెండెల్ పంచ్ పేరు చెప్పలేదు, సుత్తి పేరు చెప్పలేదు. పిన్ను తిరిగి పెట్టే ముందు ఆగి, "కుడి నుంచేనా?" అన్నాను. నాకు తెలుసు, అయినా అడిగాను.

"నీ కళ్ళకి ఎలా కనబడితే అలా పెట్టు," అన్నాడు.

కుడి నుంచి పెట్టాను. గీతలు కుడి పక్కకి వచ్చాయి, తల ఇనుముతో సమంగా కూర్చుంది. మడమ బిగించి, ట్రిగ్గర్ నొక్కి చూశాను. తిరిగి వస్తోంది. హార్లన్‌ని పిలిచి ఇచ్చాను. అతను నాలుగైదు సార్లు లీవర్ ఆడించి, భుజానికి పెట్టుకుని గోడ మీది క్యాలెండర్ వైపు గురిచూసి, తల ఊపాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "మా తమ్ముడి పంప్ గన్నొకటి ఉంది, రేపు తేనా?" అన్నాడు. ఎవరిని అడగాలో తెలియక మా ఇద్దరి మధ్యనున్న చలికోట్ల కొక్కేన్ని అడిగాడు.

నేను వెండెల్ వైపు చూశాను. ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకి జవాబు అతనిదే.

"నన్నెందుకు చూస్తారు?" అన్నాడు వెండెల్. "కొట్టేది ఆవిడ."

"మూడు దాటాక తీసుకురా," అన్నాను. నాకు ఇంకో తుపాకీ అక్కర్లేదు, దేవుడి సాక్షిగా అక్కర్లేదు. కానీ వద్దంటే వెండెల్‌కి ఇంకెలా ఉండేదో.

హార్లన్ బండి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి, చలికి లోపలికొచ్చాను. వెండెల్ ఇంకా స్టూలు మీదే ఉన్నాడు. టేపు ముక్కని బల్ల మీంచి తియ్యడానికి ప్రయత్నిస్తున్నాడు. వేళ్ళు వణికి అది అతుక్కుంటోంది, మళ్ళీ ఊడుతోంది. నేను సాయం చెయ్యలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని అప్పుడు బూట్లు విప్పుకున్నాను.

"ఆ గీతలు," అన్నాడు తలెత్తకుండా. "నీకు ఎప్పుడు కనబడ్డాయి?"

"మడ్డి తీసినప్పుడు."

"మొదటే?"

"మొదటే."

"ఎడమ నుంచి కొట్టకముందే?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. ఆ ఓపిక కూడా లేదు. "కొట్టకముందే," అన్నాను.

అతను తల తిప్పి నావైపు చూశాడు. నేను తప్పు పట్టుకున్నందుకు చిన్నబుచ్చుకుంటాడనుకున్నాను, ఇంతసేపూ నా భయం అదే. కానీ అతని కళ్ళలో ఉన్నది అది కాదు. కోపం. కట్టెల షెడ్డులో కూర్చున్న రోజున సుత్తి మీద వచ్చిన కోపం కూడా ఇంత లేదు.

"తెలిసి కొట్టావా?" అన్నాడు. "వాడి నాన్న తుపాకీని? తెలిసి?"

"మెల్లగానే కొట్టాను."

"మెల్లగా కొడితే మాత్రం! రెండు దెబ్బలు కొట్టావు. నేను లెక్కపెట్టాను. ఎందుకు కొట్టావు?"

"నువ్వు చెప్పావని."

వెండెల్ వణికే చేతిని బల్ల మీద అదిమి పెట్టాడు, అయినా బల్ల మీద పంచ్‌లు సన్నగా చప్పుడు చేస్తున్నాయి. కిటికీ బయట చెట్ల మీద వెలుగు తగ్గుతోంది. అతను ఏడుస్తున్నాడని నాకు ఆలస్యంగా అర్థమైంది. పెళ్ళయ్యాక అది రెండోసారి.

"ఇంకెప్పుడూ కొట్టకు," అన్నాడు. "నేను చెప్పానని ఇంకెప్పుడూ కొట్టకు, వెర్నా. చేతులు పోతే పోయాయి. నా మూలంగా ఒకడి తుపాకీ పాడైతే ఇన్నేళ్ళూ నేను చేసిన పనికి విలువేముంది?"

సరేనన్నాను. అతని పక్కకి కుర్చీ జరుపుకుని, బల్ల మీది టేపు ముక్కని నేనే తీశాను.